డబ్బు పెట్టేముందు పక్క కంపెనీ లెక్క చూశారా?

కిలో కందిపప్పు కొనాలన్నా మనం రెండు మూడు కొట్లు తిరుగుతాం. ఒక చోట ధర అడుగుతాం, ఇంకో చోట నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూస్తాం. చీర సంగతి సరేసరి! అంచు చూసి, నేత చూసి, పక్కింటి వదిన ఎంతకు కొన్నదో గుర్తు చేసుకుని గానీ సంచిలోంచి డబ్బు తీయం. అలాంటి మనమే, ఏళ్ళ తరబడి కూడబెట్టిన లక్ష రూపాయలు ఒక కంపెనీ చేతిలో పెట్టేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అడగం. "మా బావ పెట్టిండు. మంచి మిత్తి వస్తున్నదట" అన్న మాట చాలు మనకి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల మేడిపల్లి లాంటి ఊరునే తీసుకోండి. ఇక్కడి ఇళ్ళలోకి డబ్బు ఊరికే రాదు. ఇంటాయన గల్ఫ్‌లో ఎండకు ఎండి పంపిస్తాడు. ఇల్లాలు చాట ఒళ్ళో పెట్టుకుని, వెయ్యి బీడీల లెక్కన చుట్టి సంపాదిస్తుంది. కొంత పసుపు మీద, కొంత వరి మీద వస్తుంది. బిడ్డ పెళ్ళికనో, కొడుకు చదువుకనో దాచిన ఆ పైసల కోసమే ఒక రోజు దగ్గరి చుట్టం ఒకాయన రంగురంగుల కాగితం పట్టుకుని వస్తాడు. "అక్కా, ఈ కంపెనీకి పోయిన ఏడు పది కోట్ల లాభం!" అంటాడు.

పది కోట్లు! వినగానే కళ్ళు తిరుగుతాయి. కానీ పది కోట్లు ఎక్కువా, తక్కువా? ఎంత వ్యాపారం మీద పది కోట్లు? అంతకు ముందు ఏడు ఎంత? అదే పని చేసే పక్క కంపెనీకి ఎంత? ఇవి తెలియకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. ఒక్క అంకె ఎప్పుడూ ఏమీ చెప్పదు. దాని పక్కన ఇంకో అంకె పెడితేనే నోరు విప్పుతుంది.

ఆ రెండో అంకె ఎక్కడ దొరుకుతుందో, ఎలా పోల్చాలో ఈ వారం చెప్పుకుందాం. దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఒక ఫోను, ఒక లాంగ్ నోట్‌బుక్కు, గుణకార భాగహారాలు వచ్చిన పిల్లో పిల్లాడో ఇంట్లో ఉంటే చాలు.

మొదట మిత్తిని పోల్చండి

అన్నిటికంటే తేలికైన పోలిక ఇది. చుట్టం చెప్పిన మిత్తి నెలకు నూటికి రెండు రూపాయలు అనుకుందాం. అంటే ఏడాదికి 24 శాతం. దాని పక్కన బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ రాయండి. ఏడాదికి ఆరేడు శాతం ఉంటుంది. ఇప్పుడు మూడో అంకె. ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీలు కూడా ఏడాదికి 12.5 శాతం దాటి వడ్డీ ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2007 నుంచి కట్టడి పెట్టింది. అంటే నెలకు నూటికి రూపాయి నాలుగు పైసలు. అంతే!

మరి ఈయన రెండు రూపాయలు ఎక్కడి నుంచి తెస్తాడు? ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లే మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఇళ్ళు గుల్లయ్యాయి. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. స్థలాలనీ, మంచి రాబడనీ చెప్పి ఏజెంట్ల ద్వారా ఊరూరా డబ్బు వసూలు చేసింది. దర్యాప్తు సంస్థల లెక్క ప్రకారం సుమారు 32 లక్షల మంది, 6,000 కోట్ల రూపాయలకు పైగా. 2015 నాటికి చెల్లింపులు ఆగి కేసుల్లో చిక్కుకుంది. డబ్బు కట్టించిన ఏజెంట్లలో చాలామంది ఆ ఊళ్ళ వాళ్ళే, చుట్టాలే. వాళ్ళూ మునిగారు.

కాబట్టి అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి. డిపాజిట్లు తీసుకోవచ్చని అనుమతి పొందిన ఫైనాన్స్ కంపెనీల జాబితాను రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. 2016లో 'సచేత్' అనే మరో వెబ్‌సైట్ కూడా తెరిచింది. అందులో కంపెనీ పేరు వెతకవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు. అనుమతి లేకుండా ఇలా డిపాజిట్లు వసూలు చేయడం 2019లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం నేరం. ఇంకొక తేడా కూడా గుర్తుంచుకోండి. బ్యాంకు మునిగితే ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి ఈ పరిమితి అమల్లోకి వచ్చింది. ఫైనాన్స్ కంపెనీల డిపాజిట్లకు ఆ బీమా లేదు.

కంపెనీకీ ఓ జాతకం ఉంటుంది

పెళ్ళి సంబంధం వస్తే గోత్రం, ఊరు, పుట్టిన ఏడు అడుగుతాం కదా! మన దేశంలో రిజిస్టరైన ప్రతి కంపెనీకీ అలాంటిదే ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని 'సిన్' అంటారు. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 21. కంపెనీ లెటర్‌హెడ్ మీద అది తప్పనిసరిగా ఉండాలి.

ఉదాహరణకు, సిగరెట్ల నుంచి గోధుమపిండి దాకా అమ్మే ఐటీసీ సంఖ్య చూడండి. ఎల్ 16005 డబ్ల్యూబీ 1910 పీఎల్‌సీ 001985. మొదటి అక్షరం 'ఎల్' అంటే షేరు మార్కెట్లో నమోదైనది. నమోదు కాకపోతే అక్కడ 'యు' ఉంటుంది. తర్వాతి ఐదంకెలు పరిశ్రమ గుర్తు, ఇక్కడ పొగాకు. 'డబ్ల్యూబీ' అంటే పశ్చిమ బెంగాల్‌లో రిజిస్టరైంది. 1910 పుట్టిన సంవత్సరం. 'పీఎల్‌సీ' అంటే పబ్లిక్ కంపెనీ, 'పీటీసీ' ఉంటే ప్రైవేటు కంపెనీ. చివరి ఆరంకెలు రిజిస్టర్‌లో వరుస సంఖ్య.

ఇప్పుడు చుట్టం తెచ్చిన కాగితం చూడండి. "ముప్పై ఏళ్ళ చరిత్ర" అని ముద్రించి, సంఖ్యలో నిరుటి సంవత్సరం ఉంటే ఏమనుకోవాలి? "షేరు మార్కెట్ కంపెనీ" అని చెప్పి, మొదటి అక్షరం 'యు' ఉంటే? అసలు సంఖ్యే లేకపోతే? అక్కడే సగం గుట్టు తెలిసిపోతుంది.

లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

షేరు మార్కెట్లో ఉన్న కంపెనీల లెక్కలు దొరకడం చాలా సులువు. ప్రతి మూడు నెలలకూ ఫలితాలు ప్రకటించాలి. గడువు 45 రోజులు. ఏడాది లెక్కలకు 60 రోజులు. ఇవన్నీ బొంబాయి స్టాక్ ఎక్స్చేంజి, నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంటాయి. యజమానుల వాటా ఎంత, ఆ వాటాలో ఎంత తాకట్టులో ఉంది అన్న సంగతి కూడా మూడు నెలలకోసారి అక్కడే కనిపిస్తుంది. యజమానే తన వాటా తాకట్టు పెట్టుకున్నాడంటే మనం కాస్త ఆలోచించాలి.

ఇంత వెతికే ఓపిక లేదంటారా? స్క్రీనర్, మనీకంట్రోల్ లాంటి వెబ్‌సైట్లు ఆ లెక్కలనే తీసుకుని పదేళ్ళవి వరుసగా పేరుస్తాయి. ఒక కంపెనీ పేరు కొడితే, అదే వ్యాపారంలో ఉన్న మిగతా కంపెనీలు పక్కపక్కనే పట్టికలో వస్తాయి. పోలిక మొదలుపెట్టడానికి ఇది మంచి చోటు. ఏదైనా అంకె వింతగా అనిపిస్తే మాత్రం కంపెనీ వార్షిక నివేదికలో సరిచూసుకోవాలి.

షేరు మార్కెట్లో లేని కంపెనీల సంగతేమిటి? వాళ్ళు కూడా ఏటా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖకు లెక్కలు దాఖలు చేయాలి. ఆ శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పుట్టుక, మూలధనం, డైరెక్టర్ల పేర్లు, ఇప్పుడు నడుస్తోందా లేక కొట్టివేశారా అన్నది చూడవచ్చు. పూర్తి లెక్కల కాగితాలు కావాలంటే కొద్దిపాటి రుసుము కట్టాలి. లక్ష పెట్టేముందు ఆ కాస్త ఖర్చుకు వెనకాడకండి.

ఇంకొక మంచి వనరు రేటింగ్ సంస్థలు. 1987లో మొదలైన క్రిసిల్, ఆ తర్వాత వచ్చిన ఇక్రా, కేర్ లాంటివి కంపెనీల అప్పు తీర్చే శక్తికి మార్కులు వేస్తాయి. మూడు 'ఏ'లు వస్తే అన్నిటికన్నా మంచిది. 'డి' వచ్చిందంటే బాకీ ఎగ్గొట్టినట్టే. మార్కుతో పాటు, ఎందుకు వేశారో రెండు మూడు పేజీల్లో రాస్తారు. దాన్ని వాళ్ళ వెబ్‌సైట్లలో ఉచితంగా చదవవచ్చు. ఆ పరిశ్రమ మంచిచెడ్డలు కూడా అందులో ఉంటాయి.

ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలి?

పాలిచ్చే బర్రెను దుక్కి దున్నే ఎద్దుతో పోలిస్తే ఏం తేలుతుంది? చక్కెర మిల్లును చక్కెర మిల్లుతో, బట్టల కంపెనీని బట్టల కంపెనీతోనే పోల్చాలి. బ్యాంకుకు జనం డిపాజిట్లే సరుకు. దానికి అప్పులెక్కువని, సాఫ్ట్‌వేర్ కంపెనీ పక్కన పెట్టి భయపడితే తప్పు.

కాలాన్ని కూడా చూసి పోల్చాలి. చెరకు ఆడేది చలికాలం నుంచి ఎండాకాలం మొదటి దాకా. మార్చి 31న లెక్కలు మూసేసరికి గోదాములు చక్కెరతో నిండి ఉంటాయి. ఆ సరుకు కోసం తెచ్చిన అప్పూ నిండుగానే ఉంటుంది. అందుకని మిల్లు మార్చి లెక్కను అదే మిల్లు సెప్టెంబరు లెక్కతో పోల్చకూడదు, నిరుటి మార్చితో పోల్చాలి.

చక్కెర మాట ఎందుకు ఎత్తానో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం షుగర్స్‌కు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో కూడా ఫ్యాక్టరీ ఉండేది. 2002లో సంస్థలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో ముత్యంపేటతో సహా ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. చెరకు వేసిన ఇళ్ళకూ, అక్కడ పనిచేసిన ఇళ్ళకూ కంపెనీ లెక్కలంటే ఎక్కడో బొంబాయిలో షేర్ల గొడవ కాదు, పొయ్యి మీద ఎసరు.

మీ చెరకు ఏ మిల్లుకు పోయినా ఒక లెక్క చూడండి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు, చెరకు అందిన 14 రోజుల్లో రైతుకు డబ్బు కట్టాలని చెప్పింది. 2021లో మార్చిన నిబంధన ప్రకారం కంపెనీలు తాము ఇవ్వాల్సిన బాకీలను ఏడాది లోపువి, ఏడాది నుంచి రెండేళ్ళవి, రెండు నుంచి మూడేళ్ళవి, మూడేళ్ళు దాటినవి అని విడదీసి చూపాలి. రెండు మిల్లుల బాకీల పట్టీలు పక్కపక్కన పెడితే ఎవరి చేతి తడి ఎంతో తెలిసిపోతుంది.

నాలుగు కొలతలు చాలు

వార్షిక నివేదిక రెండు వందల పేజీలుందని బెదిరిపోకండి. అందులో ముఖ్యమైన పట్టీల్లో ఈ ఏడు, పోయిన ఏడు పక్కపక్కనే ఉండి తీరాలని చట్టమే చెప్పింది. పోలికలో సగం పని వాళ్ళే చేసిపెట్టారన్నమాట! నోట్‌బుక్కులో గీతలు గీసి, ఊహకు రెండు మిల్లులు తీసుకుందాం.

పెద్ద మిల్లు: అమ్మకాలు 500 కోట్లు, లాభం 10 కోట్లు, సొంత డబ్బు 100 కోట్లు, అప్పు 300 కోట్లు.
చిన్న మిల్లు: అమ్మకాలు 80 కోట్లు, లాభం 4 కోట్లు, సొంత డబ్బు 40 కోట్లు, అప్పు 20 కోట్లు.

ఒకటి: నూరు రూపాయలు అమ్మితే మిగిలేదెంత? పెద్ద మిల్లుకు రెండు రూపాయలు, చిన్న మిల్లుకు ఐదు. "పది కోట్ల లాభం" అన్న మాట ఇప్పుడెలా ఉంది?

రెండు: సొంత రూపాయికి అప్పెంత? పెద్దదానికి మూడు రూపాయలు, చిన్నదానికి అర్ధరూపాయి. అప్పు చేసి పప్పుకూడు ఎవరు తింటున్నారో తెలిసింది కదా!

మూడు: మిత్తి కట్టే స్తోమత ఎంత? వడ్డీ, పన్ను కట్టకముందు పెద్దదానికి 45 కోట్లు మిగిలి, అందులో 32 కోట్లు వడ్డీకే పోతే, రూపాయి వడ్డీకి చేతిలో ఉన్నది రూపాయి నలభై పైసలే. చిన్నదానికి 8 కోట్లు మిగిలి వడ్డీ 2 కోట్లయితే, రూపాయికి నాలుగు రూపాయలున్నట్టు. వానలు ఒక్క ఏడు ముఖం చాటేస్తే ముందు తడబడేది ఎవరు?

నాలుగు: లాభం నిజంగా డబ్బు రూపంలో వచ్చిందా? దీనికి 'నగదు ప్రవాహ పట్టీ' అని వేరే ఉంటుంది. లాభం ఏటా పెరుగుతూ, చేతికొచ్చిన నగదు మాత్రం ఏటా తగ్గుతుంటే, అరువు అమ్మకాలు పేరుకుంటున్నాయేమో చూడాలి. అరువు ఖాతా నిండిన కిరాణా కొట్టు పైకి కళకళలాడుతుంది, గల్లాపెట్టె మాత్రం ఖాళీ!

ఈ నాలుగింటినీ కనీసం ఐదేళ్ళకు రాయండి. 2021-22 నుంచి కంపెనీలే ఇలాంటి 11 నిష్పత్తులను లెక్కలతో పాటు ప్రకటించాలి. ఏదైనా 25 శాతానికి మించి మారితే కారణం కూడా రాయాలి. మొదట ఆ పేజీ తెరిస్తే పని ఇంకా తేలిక.

షేరు కొనేవాళ్ళకు ఇంకొక్క మాట. 50 రూపాయల షేరు చవక, 2,000 రూపాయల షేరు ఖరీదు అనుకోకండి. బంగారం గాజులను జతగా చూసి కాదు, గ్రాము ధర చూసి కొంటాం కదా! 50 రూపాయల షేరు ఏటా ఒక్క రూపాయి సంపాదిస్తే, రూపాయి లాభానికి మీరు 50 పెట్టినట్టు. 2,000 షేరు వంద రూపాయలు సంపాదిస్తే, రూపాయికి 20 పెట్టినట్టే. ఏది చవక?

మరి నేను బీడీలు చుట్టే కంపెనీ సంగతేంటి?

మంచి ప్రశ్న! బీడీ కంపెనీల్లో చాలావరకు భాగస్వామ్య సంస్థలో, కుటుంబాల చేతిలో ఉన్నవో. భాగస్వామ్య సంస్థ అయితే దాని లాభనష్టాలు మనకు ఎక్కడా కనబడవు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో చాలావాటిదీ ఇదే కథ. అలాగని చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు.

బీడీ పరిశ్రమకు పీఎఫ్ చట్టం 1977లో వర్తించింది. ఇంటి దగ్గర కూర్చుని చుట్టే వాళ్ళు కూడా దాని కిందికి వస్తారని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో 'ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్' అని ఒక పేజీ ఉంది. పాస్‌వర్డ్ అవసరం లేదు. కంపెనీ పేరు గానీ, పీఎఫ్ కోడ్ గానీ కొడితే, ఏ నెలకు ఎంత డబ్బు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఎంతమంది పేరు మీద కట్టారు అన్నీ వస్తాయి.

ఇక పోలికలు మీ చేతిలో పనే. ఈ నెలను నిరుటి ఇదే నెలతో పోల్చండి. మీ కంపెనీని అవతలి కంపెనీతో పోల్చండి. కట్టిన మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించి, తలకు ఎంత పడిందో చూడండి. కార్ఖానాలో చుట్టేవాళ్ళు తగ్గకపోయినా జాబితాలో మనుషులు తగ్గారంటే, ఎవరి పేరు పోయిందో అడగాల్సిందే. గడువు దాటి కట్టడం అలవాటైందంటే, యజమాని దగ్గర డబ్బు కటకటగా ఉందని అర్థం. మీ సొంత పాస్‌బుక్కు కూడా ఆ వరుసలో పెట్టి చూసుకోండి. ఎన్నో ఏళ్ళ కష్టం అందులో ఉంది మరి!

కాగితమే అబద్ధమైతే?

ఇది కూడా చెప్పుకోవాలి. 2009 జనవరి 7న హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఒక ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు నూటికి 24 రూపాయల నిర్వహణ లాభం చూపారు, నిజానికి వచ్చింది 3 రూపాయలే. ఆడిట్ అయిన కంపెనీ, ఊరంతా మెచ్చుకున్న కంపెనీ. తోటి సాఫ్ట్‌వేర్ కంపెనీల పక్కన ఆ 24 పెట్టినా వింతగా కనిపించేది కాదు!

అంటే పోలిక దండగని కాదు. పోలిక చాలా మోసాలను గుమ్మంలోనే ఆపుతుంది, అన్నిటినీ ఆపలేదు. అందుకే ఎంత మంచి కంపెనీ అయినా ఉన్నదంతా ఒక్కచోట పెట్టకూడదు. పెళ్ళికీ, ఫీజుకూ, ఆపరేషన్‌కూ కావలసిన డబ్బు షేర్ల జోలికి పోనే కూడదు.

కత్తిరించి దాచుకోండి

* నెలకు నూటికి రూపాయి దాటి మిత్తి ఇస్తామనే కంపెనీ డిపాజిట్ అయితే, రిజర్వు బ్యాంకు జాబితా చూడకుండా సంతకం వద్దు.
* 21 అక్షరాల కంపెనీ సంఖ్య అడగండి. పుట్టిన ఏడు, మొదటి అక్షరం చూడండి.
* మొత్తం లాభం కాదు, నూటికి లాభం రాయండి.
* అదే పరిశ్రమలోని ఇంకో రెండు కంపెనీలను, అదే కంపెనీ ఐదేళ్ళ లెక్కను పక్కన పెట్టండి.
* లెక్కలు అడిగితే ముఖం చిట్లించే ఏజెంటుకు మజ్జిగ ఇచ్చి పంపండి, డబ్బు కాదు.

పొదుపు సంఘంలో ఎవరి కిస్తీ ఎప్పుడొచ్చిందో, ఏ సంఘం బాగా నడుస్తోందో వేళ్ళ మీద చెప్పగలిగిన మనకు ఇదేమీ కొత్త విద్య కాదు. వచ్చే మీటింగుకు ఒక కంపెనీ పేరు తీసుకెళ్ళండి. నలుగురూ కూర్చుని, నాలుగు కొలతలు రాసి చూడండి. "వదినా, ఇది మనకొద్దు" అని ఒక్కరు చెప్పగలిగినా, ఆ సంఘంలో ఎన్ని ఇళ్ళ పైసలు నిలబడతాయో! చేతులు కాలాక ఆకులు వెతుక్కోవడం ఎందుకు చెప్పండి?